బటన్ నొక్కాక ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

పొద్దున పవర్ బటన్ నొక్కగానే క్యాబినెట్‌లో ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోయేది. రెండు మూడు సెకన్లకు తనంతట తనే మళ్లీ అర చుట్టు, మళ్లీ ఆగడం. స్క్రీన్ నల్లగానే ఉండేది, కీబోర్డు మీద లైటు కూడా వెలిగేది కాదు. కాసేపు అలా కొట్టుకున్నాక ఉన్నట్టుండి ఏమీ జరగనట్టు ఆన్ అయ్యేది. ఒకసారి ఆన్ అయిందంటే రాత్రి దాకా ఢోకా ఉండేది కాదు. ఎంత బరువైన ఫైలు తెరిచినా, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా కిక్కురుమనేది కాదు. తెల్లారితే మళ్లీ అదే వరస.

నేను పుస్తకాలకు పేజీలు కట్టే పని చేస్తాను. ప్రెస్సుకు ఫైలు పంపాల్సిన రోజున ఇది ఇలా మొండికేస్తే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఎవరికి చెప్పినా ఒకటే సలహా: "విండోస్ పాడై ఉంటుంది, ఫార్మాట్ కొట్టించెయ్." ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. వదులైన కేబుల్ వల్లో, బిళ్ల బ్యాటరీ అయిపోవడం వల్లో ఇబ్బంది పెట్టే కంప్యూటర్‌కు ఫార్మాట్ కొట్టించి, ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలు, లెక్కలు, పాఠాలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అంతా పోయాక కూడా పాత రోగం అలాగే ఉండేది, ఎందుకంటే అది విండోస్‌లో లేదు.

కంప్యూటర్ స్టార్ట్ కానప్పుడు నేను మొదట చూసేది ఒక్కటే. బటన్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ కనపడేదాకా ఉన్న దారిలో అది ఎక్కడిదాకా వచ్చి ఆగింది? ఆ చోటు తెలిస్తే దాని తర్వాత వచ్చేవాటి జోలికి పోనక్కర్లేదు. వెతకాల్సింది సగానికి సగం తగ్గిపోతుంది.

ఆ దారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ప్లగ్ పెట్టి ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె) వెనక స్విచ్ వేయగానే, ఇంకా పవర్ బటన్ నొక్కకముందే, లోపల ఒక చిన్న సరఫరా మొదలవుతుంది. దీన్ని స్టాండ్‌బై అంటారు, 5 వోల్టులు. బటన్ నొక్కామని తెలుసుకోవడానికి మదర్‌బోర్డుకు కావాల్సిన కాస్త కరెంటూ ఇదే ఇస్తుంది. బటన్ నొక్కితే మదర్‌బోర్డు ఆకుపచ్చ వైరును గ్రౌండ్‌కు కలుపుతుంది. అది చూసి ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టుల లైన్లు మూడింటినీ లేపుతుంది. అవి నిలకడగా ఉన్నాయని తేల్చుకున్నాక బూడిదరంగు వైరు మీద పవర్ గుడ్ అనే సిగ్నల్ పంపుతుంది. అది వచ్చేదాకా ప్రాసెసర్‌ను బోర్డు రీసెట్‌లోనే పట్టి ఉంచుతుంది, ఒక్క అడుగు కూడా వేయనివ్వదు. సిగ్నల్ వచ్చాక బయోస్, అంటే బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రాం, పని మొదలుపెడుతుంది. కొత్త బోర్డుల్లో దాన్నే యూఈఎఫ్ఐ అంటున్నారు. అది ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను, గ్రాఫిక్స్‌ను సరిచూసుకుంటుంది. ఈ పరీక్ష పేరు పోస్ట్. అది గట్టెక్కాక డిస్కులు వెతికి, విండోస్‌ను లేపే బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రాంను పట్టుకుని, పగ్గాలు దానికి అప్పగిస్తుంది. విండోస్ అనేది వచ్చేది ఆ తర్వాతే.

ఇప్పుడు నా కంప్యూటర్ సంగతి చూడండి. ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగుతోందంటే లైన్లు లేవబోయి పడిపోతున్నాయన్నమాట. పవర్ గుడ్ దాకానే రాలేదు. ప్రాసెసర్ ఒక్క ఆదేశం కూడా చదవలేదు, ఇక విండోస్‌ను నిందించి ఏం లాభం?

ఇంకో ఆధారం రీస్టార్ట్. రీస్టార్ట్ చేసినప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఆగదు, దాని లైన్లు నిలబడే ఉంటాయి. ప్రాసెసర్ మాత్రమే మళ్లీ మొదటికి వెళ్తుంది. నా దాంట్లో రీస్టార్ట్ ఎప్పుడూ బాగానే అయ్యేది. అంటే పోస్ట్ నుంచి విండోస్ దాకా ఉన్న దారంతా బాగానే ఉంది, చెడిందల్లా దానికి ముందున్న ముక్క.

మూడోది గమనించడానికి కొన్నాళ్లు పట్టింది. నాకు రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్ ఆపే అలవాటు. పని ఒత్తిడిలో ఆపకుండా వదిలేసిన రాత్రుల తర్వాత మాత్రం పొద్దున్నే మారు మాట్లాడకుండా ఆన్ అయ్యేది. దాంతో నా అనుమానమంతా స్టాండ్‌బై మీదికి మళ్లింది. స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఆ సర్క్యూట్ నడుస్తూ, కాస్త వెచ్చగా ఉంటుంది. ఆపేస్తే పూర్తిగా చల్లబడిపోతుంది.

చల్లగా ఉన్నప్పుడు పనిచేయక, వేడెక్కాక పనిచేసే జబ్బుకు ఎక్కువసార్లు కారణం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లే. వాటి లోపల ద్రవరూపంలో ఎలక్ట్రోలైట్ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ, వేడికి అది కొంచెం కొంచెంగా ఆరిపోతుంది. ఆరేకొద్దీ లోపలి నిరోధకత పెరిగి, కరెంటును నునుపు చేసే శక్తి తగ్గుతుంది. చలికి ఆ నిరోధకత ఇంకా పెరుగుతుంది, వేడి తగిలితే కాస్త దిగుతుంది. మళ్లీ మళ్లీ ప్రయత్నించగా ప్రయత్నించగా ఆన్ అయిందంటే, ఆ ప్రయత్నాల్లోనే అవి కాస్త వెచ్చబడ్డాయన్నమాట. మదర్‌బోర్డు మీద ఉన్న కెపాసిటర్లయితే కంటితోనే చూడొచ్చు. పైకప్పు చదునుగా ఉండాలి. ఉబ్బినా, పైన గోధుమరంగు మరక కారి ఉన్నా ఆయువు తీరినట్టే. 2000 తర్వాతి కొన్నేళ్లలో నాసిరకం ఎలక్ట్రోలైట్ వాడిన కెపాసిటర్లు ప్రపంచమంతటా బోర్డుల మీదికి చేరి, అలా ఉబ్బి పగిలిపోయాయి. పెద్ద పెద్ద కంపెనీలే ఆ దెబ్బ తిన్నాయి. నా బోర్డు మీద మాత్రం అన్నీ చదునుగానే ఉన్నాయి.

ఎస్‌ఎంపీఎస్ లోపలివి చూడాలంటే దాన్ని విప్పాలి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. గోడ కరెంటును డీసీగా మార్చిన 300 పైచిలుకు వోల్టులు లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్ పీకాక కూడా కొంతసేపు నిలిచి ఉండొచ్చు. ప్రాణం మీదికి వచ్చే విషయం ఇది. బయటినుంచే తెలుసుకోవడానికి మల్టీమీటర్ చాలు. 24 పిన్నుల పెద్ద కనెక్టర్ బోర్డుకు తగిలించే ఉంచి, దాని వెనక వైపు నుంచి మీటర్ మొనను పిన్నుకు ఆనించొచ్చు. స్టాండ్‌బై వైరు ఊదారంగులో ఉంటుంది. ఇప్పుడు చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో వైర్లన్నీ నల్లగానే వస్తున్నాయి కాబట్టి రంగును నమ్ముకోకుండా పిన్ను లెక్క చూసుకోవడం మేలు. పవర్ గుడ్ 8వది, స్టాండ్‌బై 9వది, ఆన్ చేసే ఆకుపచ్చది 16వది. డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్‌లు పాటించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 5 వోల్టుల లైను 4.75కి తగ్గకూడదు, 5.25 దాటకూడదు. 12 వోల్టులదైతే 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి.

స్విచ్ ఆపి పడుకున్న రాత్రి తర్వాత, పొద్దున్నే ముఖం కూడా కడుక్కోకుండా మీటర్ పట్టుకుని కూర్చున్నాను. ఊదా వైరు మీద అంకె 4.5 దగ్గర నిలవకుండా ఊగుతోంది. బటన్ నొక్కితే ఇంకా కిందికి జారి, మళ్లీ పైకి వస్తోంది. కొట్టుకుని కొట్టుకుని ఆన్ అయ్యాక చూస్తే 4.9 మీద నిలబడింది. ఆ రెండు అంకెలు చూశాక నా మనసు కుదుటపడింది. ఫైళ్లకు ఏమీ కాలేదు, బోర్డుకు కూడా ఏమీ అయి ఉండదనిపించింది.

అయినా మీటర్ మాట ఒక్కటే పట్టుకుని కొత్త సామాను కొనకూడదు. బోర్డులోనే ఎక్కడో షార్ట్ ఉండి స్టాండ్‌బైని లాగేస్తున్నా అంకె అలాగే పడిపోవచ్చు. అందుకని ముందు కంప్యూటర్‌ను వీలైనంత ఖాళీ చేశాను. గ్రాఫిక్స్ కార్డు తీసేశాను, డిస్కుల కేబుళ్లు పీకేశాను, ర్యామ్ ఒక్కటే ఉంచాను, ముందువైపు యూఎస్‌బీ పోర్టుల వైరు కూడా బోర్డునుంచి తప్పించాను. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. యూఎస్‌బీ పోర్టు లోపలి పిన్ను వంగి పక్కదానికి తగిలినా కంప్యూటర్ ఆన్ కాకుండా పోతుంది. బోర్డు కింద జారిపడ్డ స్క్రూ కూడా ఇలాంటి పనే చేస్తుంది. అన్నీ తీసేసినా మర్నాడు పొద్దున అదే అర చుట్టు. అప్పుడు స్నేహితురాలి దగ్గరున్న ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలించి, రాత్రి స్విచ్ ఆపి పడుకున్నాను. పొద్దున నొక్కగానే ఆన్ అయింది. ఇక సందేహం లేదు, కొత్త ఎస్‌ఎంపీఎస్ వేశాను.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని కాస్త గట్టిగానే చెబుతాను. కేబుళ్లు విడిగా ఊడి వచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ మారుస్తున్నప్పుడు పాత కేబుళ్లు కూడా తీసేసి, కొత్తదానితో వచ్చిన కేబుళ్లే వేయండి. బోర్డు వైపు, డిస్కు వైపు ఉండే కనెక్టర్లకు ప్రమాణం ఉంది కానీ ఎస్‌ఎంపీఎస్ వైపు ఉండే పిన్నుల వరసకు లేదు. ఒకే కంపెనీ వాటిలో కూడా మోడల్‌కీ మోడల్‌కీ తేడా ఉండొచ్చు. కేబుల్ చక్కగా అతుక్కుంటుంది, చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంటుంది, కానీ 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్లి హార్డ్ డిస్క్ కాలిపోతుంది. వదిలించుకోవాల్సింది పాత ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే, దాంతోపాటు మన ఫైళ్లు పోకూడదు.

నాది ఒక రకం కేసు. ఎక్కువమందికి ఎదురయ్యేది దీని తర్వాతి మెట్టు. ఫ్యాన్లన్నీ హాయిగా తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. ఇలాంటప్పుడు మొదట మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టి ఉందో చూడాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి. చాలా కంప్యూటర్లలో పైనున్న మదర్‌బోర్డు పోర్టుకు పెడితే తెర నల్లగానే ఉంటుంది. క్యాబినెట్‌ను తుడవడానికి జరిపిన రోజు ఈ తకరారు ఎక్కువగా వస్తుంది.

కేబుల్ సరిగ్గానే ఉంటే ర్యామ్ చూడాలి. ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు వదిలించి, క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకి, ఆ తర్వాత ర్యామ్ తీయాలి. దాని బంగారు అంచును మెత్తటి పొడిబట్టతో తుడిచి, రెండు కొసలూ టక్కుమని పడేలా నొక్కి పెట్టాలి. ఆ టక్కు వినపడటం ముఖ్యం. చాలాసార్లు ఒక కొస పడి, రెండో కొస ఒక వెంట్రుకవాసి పైకి ఉండిపోతుంది. రెండు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఒకే ర్యామ్ పెట్టేటప్పుడు ప్రాసెసర్ వైపునుంచి రెండో స్లాట్ వాడమని చాలా మాన్యువళ్లు చెబుతాయి. మొదటిదే సరైనదని మనం అనుకుంటాం, అక్కడే తేడా వస్తుంది.

డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త కంప్యూటర్లకు మాత్రం ఓపిక కావాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు, బయోస్ సెట్టింగులు చెరిపాక, ర్యామ్ మార్చాక, బోర్డు ఆ ర్యామ్‌తో ఏ వేగంలో ఎలా మాట్లాడాలో నేర్చుకుంటుంది. మెమరీ ట్రైనింగ్ అంటారు. అది కొన్ని నిమిషాలు పట్టొచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. పాడైందనుకుని మధ్యలో కరెంటు తీసేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది.

బోర్డు మీద ఒక మూల సీపీయూ (ప్రాసెసర్), డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్కు) అని నాలుగు చిన్న లైట్లు ఉంటే మీ అదృష్టం. పోస్ట్ జరుగుతున్నప్పుడు ఒక్కోటీ వెలిగి ఆరిపోతుంది, ఎక్కడ ఆగితే ఆ లైటు వెలిగే ఉంటుంది. సీపీయూ లైటు దగ్గరే ఆగితే బోర్డు పై మూలన ఉండే 8 పిన్నుల ప్రాసెసర్ పవర్ కనెక్టర్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడండి. అది లేకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, అందుకే దాని మీద అనుమానం రాదు. లైట్లు లేని పాత బోర్డులకైతే స్పీకర్ బీప్‌లే ఆధారం. బీప్‌ల అర్థం బయోస్ తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి బోర్డు మాన్యువల్‌లో చూసుకోవడమే దారి.

తర్వాతి మెట్టు గురించి చెప్పాలంటే బాబాయ్ కంప్యూటర్ గురించి చెప్పాలి. అది చాలా పాతది.

"అమ్మాయ్, మా కంప్యూటర్ చచ్చిపోయిందే" అన్నాడు ఫోన్‌లో.

"లైటు వెలిగిందా బాబాయ్?"

"వెలిగింది. ఫ్యాన్ కూడా తిరుగుతోంది."

"తెర మీద ఏమన్నా కనపడుతోందా?"

"కంపెనీ గుర్తు వచ్చింది. తర్వాత ఏదో ఎఫ్1 నొక్కమంది, నొక్కాను. విండోస్ గుర్తు వచ్చినట్టే వచ్చి, నీలం తెర ఒక్క క్షణం మెరిసి, మళ్లీ మొదటికెళ్లింది."

"అయితే చావలేదు బాబాయ్, చాలా దూరమే వచ్చింది. ఆ ఎఫ్1 నొక్కమన్న తెరను ఫొటో తీసి పంపు. నీలం తెర ఆగట్లేదు కాబట్టి ఫోన్‌లో వీడియో తియ్యి."

ఫొటోలో సీమాస్ (బయోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) చెక్‌సమ్ తప్పిందని, అంటే అక్కడి లెక్క సరిపోలేదని ఉంది, పక్కన తేదీ ఎన్నో ఏళ్ల కిందటిది. బోర్డు మీద ఉండే సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిందని దాన్ని బట్టే తెలిసిపోయింది. 3 వోల్టుల ఆ బిళ్ల కంప్యూటర్‌కు కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడుపుతుంది. పాత బోర్డుల్లో బయోస్ సెట్టింగులను నిలబెట్టేది కూడా అదే. బిళ్ల అయిపోతే సెట్టింగులన్నీ తయారీనాటి స్థితికి వెళ్లిపోతాయి. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. మరి నీలం తెర ఎందుకొచ్చింది?

వీడియోను మెల్లగా నడిపి, ఆ ఒక్క క్షణం దగ్గర ఆపి చూస్తే ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని ఉంది. విండోస్ తన డిస్కును తానే చేరుకోలేకపోతోందని దానర్థం. బాబాయ్ చేత బయోస్ తెరిపించి శాటా మోడ్, అంటే బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి, ఏదో చదివించాను. ఐడీఈ అనే పాత పద్ధతి ఉందట. విండోస్ ఎక్కించినప్పుడు అది ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతిలో ఉండేది. బ్యాటరీ అయిపోయి సెట్టింగులు చెరిగినప్పుడు ఆ బోర్డు తన పాత అలవాటైన ఐడీఈకి వెళ్లిపోయింది. దాంతో విండోస్ సిద్ధం చేసుకున్న డ్రైవర్ ఒకటి, ఎదురుగా ఉన్నది ఇంకొకటి. మోడ్‌ను తిరిగి ఏహెచ్‌సీఐకి మార్చి సేవ్ చేయించగానే బాబాయ్ ఫోల్డర్లన్నీ ఎప్పటిలాగే తెరుచుకున్నాయి. తర్వాత బిళ్ల మార్చుకున్నాడు. మార్చకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ ఇదే తంతు.

ఈ కేసు నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఫార్మాట్ కొట్టించే సలహా ఇక్కడ ఎంత అన్యాయమో కళ్లకు కడుతుంది. అందరూ చెప్పే "సీమాస్ క్లియర్ చెయ్" అనే సలహా గురించి కూడా ఒక మాట. మంచిదే, చాలాసార్లు పనిచేస్తుంది. కానీ బయోస్ తెరుచుకునే స్థితిలో ఉంటే ముందు ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. శాటా మోడ్, రెయిడ్, బూట్ వరస, సెక్యూర్ బూట్, ఇవి ఎలా ఉండేవో తర్వాత గుర్తుండదు.

ఇక విండోస్ గుర్తు దాకా వచ్చి ఆగేవి. ఇక్కడ ఎస్‌ఎంపీఎస్, బోర్డు దాదాపు తమ పని చేశాయనే అనుకోవచ్చు. విండోస్ వరసగా కొన్నిసార్లు సరిగ్గా స్టార్ట్ కాకపోతే తనంతట తనే రిపేర్ తెరకు వెళ్తుంది. వెళ్లకపోతే గుర్తు కనపడగానే పవర్ బటన్ పట్టి ఆపడం రెండు మూడు సార్లు చేస్తే వస్తుంది. అక్కడ స్టార్టప్ రిపేర్ ఉంటుంది, ఈమధ్య ఎక్కిన అప్‌డేట్‌ను తీసేసే దారి ఉంటుంది, అత్యవసరమైనవాటితో మాత్రమే విండోస్‌ను నడిపే సేఫ్ మోడ్ ఉంటుంది. సేఫ్ మోడ్‌లో కంప్యూటర్ చక్కగా నడిస్తే తప్పు ఏదో డ్రైవర్‌దో, కొత్తగా ఎక్కించిన ప్రోగ్రాందో అయి ఉంటుంది. 2024 జులై 19న ప్రపంచమంతటా విమానాశ్రయాలు, ఆసుపత్రులు, బ్యాంకుల కంప్యూటర్లు నీలం తెర దగ్గర ఆగిపోయాయి కదా, అప్పుడు జరిగిందీ ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ ప్రోగ్రాంకు వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. చాలావాటికి విరుగుడు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తొలగించడమే. కానీ అక్కడిదాకా వెళ్లడానికే ఎందరికో బిట్‌లాకర్ (డిస్కులోని డేటాను తాళం వేసి ఉంచే విండోస్ ఏర్పాటు) తాళం అడ్డు పడింది.

ఆ తాళం మన ఇళ్లలోని కంప్యూటర్లలోనూ ఉండొచ్చు, మనకు తెలియకుండానే. బోర్డు మార్చినా, బయోస్‌లో కొన్ని సెట్టింగులు మార్చినా, విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కులో ఉన్నది ఎవరూ తెరవలేరు, తయారుచేసినవాళ్లు కూడా. కంప్యూటర్ బాగున్నప్పుడే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి పెట్టుకోవాలి. నేను మా ఇంట్లోవాళ్లందరి చేతా రాయించాను.

షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే మొరాయించి, రీస్టార్ట్ చేస్తే బాగా పనిచేసే విండోస్‌లో ఇంకో సంగతి ఉంటుంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది వచ్చింది. అది ఉంటే షట్‌డౌన్ అన్నది పూర్తి షట్‌డౌన్ కాదు. విండోస్ తన లోపలి స్థితిని డిస్కు మీద దాచుకుని, మర్నాడు అక్కడినుంచే లేస్తుంది. ఏదైనా డ్రైవర్ తేడాగా ఉంటే ఆ తేడాతోనే లేస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రం అంతా కొత్తగా మొదలవుతుంది. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది. ఈ లక్షణం పైకి నా ఎస్‌ఎంపీఎస్ కేసులాగే కనపడుతుంది కానీ, విండోస్ గుర్తు దాకా వస్తోందా లేదా అన్నది చూస్తే రెండూ వేరని వెంటనే తెలుస్తుంది.

చివరిగా డిస్కు. బూట్ డివైస్ దొరకలేదని వస్తే ముందు ఏదైనా పెన్ డ్రైవ్ పెట్టి మర్చిపోయారేమో చూడండి, తర్వాత బయోస్‌లో డిస్కు పేరు కనపడుతోందో లేదో చూడండి. పేరు కనపడకపోతే శాటా కేబుల్ మార్చి, ఇంకో పోర్టుకు పెట్టి చూడాలి. కనపడుతూ కూడా విండోస్ గంటల తరబడి గుండ్రంగా తిరుగుతూ ఉంటే, హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటుంటే, వెంటనే ఆపేయండి. రిపేర్ కమాండ్లు కొట్టకండి. చెక్‌డిస్క్ లాంటివి డిస్కంతా చదువుతాయి, అవసరమైతే దాని మీద రాస్తాయి. చివరి దశలో ఉన్న డిస్కుకు ఆ శ్రమే ఎక్కువ.

నాకు ఎస్‌ఎంపీఎస్ ఇచ్చి ఆదుకున్న స్నేహితురాలి కంప్యూటరే ఆ తర్వాత ఇలా ఆగింది. పరిశోధన వ్యాసం దాంట్లోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. తన గొంతు వణుకుతోంది. పెన్ డ్రైవ్‌లో విండోస్‌కు బదులు వాడే లినక్స్ ఎక్కించి దాంతో స్టార్ట్ చేశాం. లినక్స్ పెన్ డ్రైవ్‌తో అంతా సాఫీగా నడిచింది కాబట్టి బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ అన్నీ దాదాపు బాగున్నట్టే అనుకోవచ్చు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాలు తెరిస్తే 5వ నంబర్, 197వ నంబర్ రెండూ వందల్లో ఉన్నాయి. 5వది డిస్కు ఇప్పటికే పక్కన పెట్టేసిన సెక్టార్ల లెక్క, 197వది చదవలేక తేల్చుకోవాల్సిన వాటి లెక్క. 199వది సున్నా ఉంది. అది పెరిగి ఉంటే కేబుల్ మీద ఆశ పెట్టుకునేవాళ్లం, ఎందుకంటే దారిలో చెడిన డేటా అందులో పడుతుంది.

ముందు వ్యాసం ఉన్న ఫోల్డర్ ఒక్కటే బయటి డిస్కుకు కాపీ చేశాం. అది పూర్తయి, వేరే కంప్యూటర్‌లో ఫైలు తెరిచి చివరి పేజీ దాకా చూశాకే మిగతావాటి సంగతి. ఆ తర్వాత డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో డిస్కు మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా, తీయడం మొదలుపెట్టాం. అది మొరాయించే చోట మొండిగా ఆగిపోదు. సులువుగా చదవగలిగిన భాగాలన్నీ ముందు లాగేసి, కష్టమైనవాటి దగ్గరికి చివర్లో వస్తుంది. రాత్రంతా నడిచింది. ఫొటోల్లో కొన్ని సగం బూడిదరంగులో వచ్చాయి, మిగతావన్నీ దక్కాయి. కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించి, విండోస్ కొత్తగా ఎక్కించి, ఫైళ్లన్నీ దాంట్లోకి చేర్చాం. పాత డిస్కును మాత్రం తీసి పక్కన పెట్టమన్నాను, సగం పోయిన ఫొటోల కోసం ఇంకోసారి ప్రయత్నించాలని ఉంది.